వాకిట ఒక అమానతు పెట్టె

తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్ళకు తగిన ఉత్తరాల పెట్టెలు: ఆకృతులు, కొలతలు, మర్యాదలు

ఇల్లు కట్టుకునేటప్పుడు మనం ప్రతి వస్తువుకూ ఒక చోటు నిర్ణయిస్తాము. చెప్పులకు గుమ్మం పక్కన అర, పాల ప్యాకెట్లకు గేటుకు వేలాడే సంచి, దినపత్రికకు గోడకు బిగించిన ప్లాస్టిక్ గొట్టం, కరెంటు మీటరుకు ఇనుప పెట్టె. తెనాలి, బాపట్ల, రేపల్లె వీధులలో ఏ మూలకు వెళ్ళినా ఈ ఏర్పాట్లు కనబడతాయి. ఉత్తరానికి మాత్రం చాలా ఇళ్ళలో చోటు లేదు. పోస్ట్‌మ్యాన్ గేటు సందులో నుండి విసిరిన కవరు వసారాలో పడుతుంది. లేదా గేటు ఊచల మధ్య ఇరుక్కుని ఊగుతూ ఉంటుంది. వాన వస్తే తడుస్తుంది. గాలి వస్తే మురుగుకాలువ పాలవుతుంది. మేక వస్తే నమిలేస్తుంది.

"ఈ రోజుల్లో ఉత్తరాలు ఎవరు వ్రాస్తున్నారు?" అని అడిగేవారున్నారు. క్షేమసమాచారాలు సెల్‌ఫోనుకు మారిపోయిన మాట నిజమే. టెలిగ్రాం సేవ కూడా 2013 జూలైలో ముగిసింది. అయితే తపాలాలో ఇప్పుడు వస్తున్నవి ఏమిటో ఒకసారి లెక్కవేయండి. ఆధార్ లేఖ, పాన్ కార్డు, ఏటీఎం కార్డు, చెక్కుల పుస్తకం, బీమా ప్రీమియం నోటీసు, పాస్‌పోర్టు, కోర్టు సమను, ఉద్యోగానికి పిలుపు. పూర్వం ఒక ఉత్తరం తప్పిపోతే మరో ఉత్తరం వ్రాసుకునేవారు. ఇప్పుడు వచ్చే కాగితాలు అటువంటివి కావు. ఒక్క నోటీసు అందకపోతే గడువు దాటిపోతుంది. ఒక్క పిలుపు అందకపోతే ఒక యువకుని, ఒక యువతి ఏడాది వృథా అవుతుంది. ఉత్తరాల సంఖ్య తగ్గింది గాని ఒక్కొక్క ఉత్తరం బరువు పెరిగింది. కనుక వాకిట ఒక మంచి పెట్టె ఉండవలసిన అవసరం నేడు మునుపటికన్నా ఎక్కువే.

ఉత్తరం ఒక అమానతు

ఇతరుల వస్తువును దాని హక్కుదారునికి భద్రంగా చేర్చడాన్ని మన ధర్మం అమానతు అంటుంది. ఒకరి పేరు వ్రాసిన కవరు అటువంటి వస్తువే. వ్రాసినవారి చేతి నుండి అందుకోవలసినవారి చేతికి చేరేవరకు అది దారిలో తగిలే ప్రతి ఒక్కరి వద్దా అమానతుగానే ఉంటుంది.

ఇస్లామీయ చరిత్రలో తపాలాకు 'బరీద్' అని పేరు. నేటికీ అరబ్బు దేశాలలో తపాలాను ఆ పేరుతోనే పిలుస్తారు. ఉమయ్యా ఖలీఫా ముఆవియా కాలంలో ఈ వ్యవస్థకు ఒక రూపం వచ్చింది. అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ దానిని విస్తరింపజేసి దారుల వెంట దూరాలు తెలిపే రాళ్ళు నాటించాడు. 14వ శతాబ్దిలో మన దేశానికి వచ్చిన ఇబ్నె బతూతా ఢిల్లీ సుల్తానుల తపాలాను ఆశ్చర్యంతో వర్ణించాడు. గుర్రపు తపాలా ఒకటి, కాలినడక తపాలా మరొకటి. కాలినడక బంటు ఒక చేత ఉత్తరం, మరో చేత రాగి గజ్జెలు కట్టిన కర్ర పట్టుకుని పరుగెత్తేవాడు. మైలులో మూడవ వంతుకు ఒక మజిలీ. గజ్జెల సవ్వడి వినగానే తరువాతి బంటు లేచి సిద్ధంగా నిలబడేవాడు. వేగంలో ఈ నడక తపాలా గుర్రపు తపాలాను మించేదని ఆయన వ్రాశాడు.

ఆ వర్ణనలో మనం గమనించవలసినది పరుగు ఒక్కటే కాదు. అందుకునేవాడు ముందుగానే సిద్ధంగా ఉండడం కూడా గమనించాలి. తెచ్చేవాని శ్రమ ఫలించాలంటే అందుకునే చోట ఏర్పాటు ఉండాలి. వాకిటి పెట్టె చేసే పని సరిగ్గా అదే. ఇంటిలో ఎవరూ లేని వేళ కూడా అది చేయి చాచి నిలబడి ఉంటుంది.

సబ్బు డబ్బాల నుండి సొరంగం పెట్టె వరకు

లోకంలో ఉత్తరాల పెట్టెలు రెండు రకాలు. మొదటిది మనం ఉత్తరం వేసే పెట్టె. రెండవది మనకు ఉత్తరం వచ్చే పెట్టె. మొదటి రకానికి ప్రసిద్ధమైన రూపం స్తంభం వంటి పోతఇనుము పెట్టె. నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ తపాలా శాఖలో ఉద్యోగిగా ఉండి సూచించిన మీదట 1852లో జెర్సీ ద్వీపంలో వాటిని నిలిపారు. బ్రిటన్‌లో మొదట వాటికి ఆకుపచ్చ రంగు ఉండేది. దారినపోయేవారికి కనబడడం లేదని 1874 నుండి ఎరుపు వేయసాగారు. మన ఊళ్ళలోని ఎర్ర డబ్బా ఆ వంశానిదే.

రెండవ రకం, అంటే ఇంటి పెట్టె, అమెరికా పల్లెలలో రూపుదిద్దుకుంది. 1896లో అక్కడ రైతుల ఇళ్ళకు ఉచితంగా తపాలా అందించడం మొదలైనప్పుడు పెట్టె ఎలా ఉండాలో చెప్పినవారు లేరు. రైతులు తోచిన దానిని రోడ్డు పక్కన కర్రకు కొట్టి నిలిపారు: కొవ్వు డబ్బా, పాకం డబ్బా, సబ్బుల పెట్టె, చుట్టల పెట్టె. కొన్నిటిలో నీరు దిగేది. కొన్నిటి మూత ఊడేది. ఆ ఇబ్బందులు చూసి తపాలా శాఖ కొలతలు నిర్ణయించింది. 1915లో ఆ శాఖ ఇంజనీరు రాయ్ జోరోల్‌మన్ గీసిన నమూనా ఆమోదం పొందింది. అడుగు చదును, పైభాగం సొరంగంలా గుండ్రం, ముందు తలుపు, పక్కన పైకి లేపే చిన్న జెండా. గుండ్రని కప్పు మీద వాన నీరు, మంచు నిలువవు. చదునైన అడుగు మీద ఉత్తరాలు ముడత పడవు. నూరేళ్ళు దాటినా ఆ రూపం మారలేదు. దానికి చేప ఆకారం, ట్రాక్టరు ఆకారం, పక్షిగూడు ఆకారం తొడిగి ముచ్చటపడేవారు అక్కడ ఎందరో ఉన్నారు. ఆ వేషాల లోపల ఉన్నది మాత్రం పనికి తగిన పెట్టె. ముందు పని, తరువాత సొగసు అన్న క్రమం మనకు కూడా పాఠమే.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవారికి వేరొక పద్ధతి తెలుసు. అక్కడ తపాలా ఇంటికి రావడం అరుదు; పోస్టాఫీసులో అద్దెకు తీసుకున్న నంబరు పెట్టె వద్దకు మనిషే వెళ్ళాలి. మన దేశంలో 1,64,000కు పైగా పోస్టాఫీసులు, వాటిలో సుమారు పదింట తొమ్మిది పల్లెలలోనే. ఉత్తరం మన గుమ్మం దాకా నడచి రావడం తక్కువ సౌకర్యమేమీ కాదు. ఆ సౌకర్యానికి మన వంతుగా చేయవలసినది ఒక పెట్టె బిగించడం.

తెనాలి: పాత ఇనుముకు కొత్త పని

తెనాలి శిల్పుల ఊరు. సూర్య శిల్పశాలకు చెందిన కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనుప ముక్కలతో, నట్లు బోల్టులతో చేసిన నిలువెత్తు శిల్పాలు ఈ ఊరి పేరును దేశమంతటా వినిపింపజేశాయి. గేరు చక్రం, సైకిలు గొలుసు, బేరింగు వంటి పారవేసే వస్తువులలో కూడా రూపం దాగి ఉంటుందని ఆ పని చూసినవారికి అర్థమవుతుంది. వెల్డింగు షాపులలో, మెకానిక్ షెడ్లలో పనిచేసే మన యువకులకు ఈ విద్య దూరమైనది కాదు. మనుషుల, జంతువుల ప్రతిమలు లేకుండానే ఆ ఇనుముతో ఇంటికి వన్నె తేవచ్చు.

ఒక ఆకృతి ఇలా ఉండవచ్చు. ఇంట్లో మూలపడిన ఇనుప ట్రంకు పెట్టె నుండి తుప్పు పట్టని రేకును కోయించి పెట్టె చేయించాలి. పాత సైకిలు గొలుసును వంచి ఇంటి నంబరు అంకెలుగా ముందువైపు అతికించాలి. అరిగిపోయిన చిన్న పానా తలుపుకు పిడి అవుతుంది. మరొకటి జాలీ పెట్టె. మసీదు కిటికీలలో కనబడే ఎనిమిది మొనల నక్షత్రాల అల్లికను రేకు మీద కోయించి ముందు తలుపుగా అమర్చాలి. జాలీ వెనుక ఒక అంగుళం ఎడంతో మరో రేకు ఉంటే జల్లు లోపలికి పోదు. జాలీ కింది వరుసను మాత్రం తెరచి ఉంచితే, తాళం తీయకుండానే లోపల కవరు ఉన్నదో లేదో తెలుస్తుంది. పేరు మాత్రం బయటివారికి కనబడదు.

దివ్యవచనాలను పెట్టె మీద వ్రాయించాలని కొందరికి అనిపించవచ్చు. వీధి దుమ్ము, వాన, పిల్లల చేతులు తగిలే చోట వాటి గౌరవం నిలపడం కష్టం. ఇంటి పేరు, లేదా ఒక సలాం చాలు.

అపార్ట్‌మెంటులలో సమస్య వేరు. మెట్ల కింద, మీటర్ల పక్కన ఒక వరుస పెట్టెలు ఉంటాయి గాని తాళాలు పోయి, తలుపులు వంగి, కరపత్రాలతో నిండి ఉంటాయి. నివాసుల సంఘం ఏటా ఒకసారి వాటిని బాగుచేయించి, ప్రతి పెట్టె మీద ఫ్లాటు నంబరుతో పాటు పేర్లు మార్పించడం నియమంగా పెట్టుకోవాలి. కరపత్రాలకు పక్కనే ఒక తెరచిన బుట్ట ఉంచితే ఉత్తరం వాటి అడుగున పడదు.

బాపట్ల: ఉప్పు గాలికి తట్టుకునేది

బాపట్లకు సూర్యలంక సముద్రతీరం కూతవేటు దూరంలోనే ఉంది. ఆ గాలిలోని ఉప్పు మామూలు ఇనుప రేకును త్వరగా తినేస్తుంది. రంగు ఎంత వేసినా అతుకుల వద్ద, మడత బందుల వద్ద తుప్పు మొదలవుతుంది. కొన్నాళ్ళకు తలుపు తెరుచుకోదు. కనుక ఇక్కడ మొదటి ప్రశ్న ఆకారం గురించి కాదు, లోహం గురించి. అల్యూమినియం మేలు. స్టీలు కావాలంటే సాధారణంగా దొరికే 304 రకం కన్నా 316 రకం ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. అల్యూమినియం రేకుకు మామూలు ఇనుప బోల్టులు బిగించరాదు. రెండు లోహాలు తగిలిన చోట తేమ చేరి ఒకదానిని తినేస్తుంది. మధ్య రబ్బరు వాషరు తప్పనిసరి.

అన్నిటికన్నా నిలకడైనది గోడలో కట్టిన పెట్టె. ప్రహరీ గోడలో రెండు ఇటుకల ఎత్తున గూడు వదలాలి. వీధివైపు సన్నని సందు, ఇంటివైపు తలుపు. ఉత్తరం బయటి నుండి పడుతుంది. లోపలి నుండి మాత్రమే తీయగలరు. గూటి అడుగు చదునుగా కాక ఇంటివైపుకు కొద్దిగా వాలుగా ఉండాలి. చివర ఒక చిన్న రంధ్రం ఉంటే చేరిన నీరు దిగిపోతుంది. పైన అర బంగాళాపెంకు చూరులా ముందుకు వచ్చేలా అతికిస్తే వాన జల్లు సందులో పడదు, చూడడానికీ పెంకుటిల్లు జ్ఞాపకం వస్తుంది. ప్రహరీ లేని ఇంటికి ముదిరిన తాటి దూలం మంచి ఆధారం. తీరప్రాంతంలో తాతల నాటి ఇంటి కప్పులను మోసిన కర్ర అది. దూలాన్ని రెండు అడుగుల లోతున కాంక్రీటులో నిలిపి దాని మీద పెట్టెను బిగించాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటినది బాపట్ల సమీపంలోనే. గాలికి ఎగిరిపోయే పెట్టె లేనిదానితో సమానం.

రేపల్లె: రోడ్డు పక్కన, గట్టు మీద

రైలుమార్గం రేపల్లెతో ఆగిపోతుంది గాని తపాలా సంచి అక్కడ ఆగదు. కాలువ గట్ల వెంట, పొలాల నడుమ విడివిడిగా ఉన్న ఇళ్ళకు గ్రామీణ డాక్ సేవక్ వెళ్ళవలసి ఉంటుంది. ఇంటివారు ఉదయమే పొలానికో కూలికో వెళ్ళి ఉంటారు. అక్కడ రోడ్డు పక్కన నిలిపే పెట్టె అవసరం.

దీనికి చవకైన ఆకృతి బోరు పనిలో మిగిలే పెద్ద పీవీసీ గొట్టం. ఎనిమిది అంగుళాల గొట్టాన్ని అడుగున్నర పొడవు కోసి, వెనుక మూత అతికించి, ముందు మూతకు మడత బందు, కొక్కెం పెడితే సొరంగం పెట్టె సిద్ధమవుతుంది. తుప్పు లేదు, నీరు నిలువదు. ఎండకు పెళుసు బారకుండా లేత రంగు వేయాలి. ముందుకు కొద్దిగా వాలుగా బిగించాలి. రాత్రి వాహనాలకు కనబడేందుకు ఎర్రని మెరుపు పట్టీ అంటించాలి. రోడ్డు అంచుకు ఆనించక, సైకిలు ఆపుకునే చోటు వదలి నిలపాలి.

అమెరికా పెట్టె జెండాను మనం తిరగవేసి వాడుకోవచ్చు. అక్కడ పంపవలసిన ఉత్తరం ఉన్నదని చెప్పడానికి ఇంటివారు జెండా లేపుతారు. ఇక్కడ ఉత్తరం వేసినవారు జెండా లేపి వెళితే, పొలం నుండి వచ్చేవారికి దూరం నుండే సంగతి తెలుస్తుంది. పాత ప్లాస్టిక్ పళ్ళెం ముక్క, ఒక బోల్టు చాలు. నాలుగైదు ఇళ్ళు ఒకే బాట చివర ఉంటే, మలుపు వద్ద అరలు విడివిడిగా ఉన్న ఉమ్మడి పెట్టెను నిలుపుకోవచ్చు. ఖర్చు పంచుకోవచ్చు, డాక్ సేవక్‌కు బురద బాట నడక తప్పుతుంది.

కొలతలు

ఏ4 కాగితం మడవకుండా పట్టే కవరు వెడల్పు 22.9 సెంటీమీటర్లు, పొడవు 32.4 సెంటీమీటర్లు. సందు 33 సెంటీమీటర్ల పొడవు ఉంటే అది అడ్డంగా సులువుగా దిగుతుంది. సందు ఎత్తు మూడు నుండి మూడున్నర సెంటీమీటర్లు చాలు. అంతకు మించితే చేయి దూరుతుంది. సందు నుండి అడుగు వరకు కనీసం 35 సెంటీమీటర్ల లోతు ఉండాలి. సందు లోపలివైపు వాలుగా ఒక రేకు పలక వ్రేలాడదీస్తే ఉత్తరం జారుతుంది, వేళ్ళు అందవు. నేల నుండి సందు ఎత్తు ఛాతీ వరకు ఉంటే వంగకుండా వేయవచ్చు. కుక్క ఉన్న ఇంట్లో పెట్టె తప్పనిసరిగా గేటు బయటకే ఉండాలి.

ఒకే వీధిలో ఎందరు మస్తాన్‌లు?

పెట్టె ఎంత అందంగా ఉన్నా దాని మీది పేరు సరిగా లేకపోతే ప్రయోజనం సగమే. ఈ ఇబ్బంది మన ఇళ్ళలో మరింత ఎక్కువ. మన ప్రాంతంలో చాలామంది పేర్లు షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ అని మొదలవుతాయి. తరువాతి మాట మస్తాన్, సుభానీ, కరీం, రహీం. ఒకే వీధిలో ముగ్గురు షేక్ మస్తాన్‌లు, ఇద్దరు షేక్ సుభానీలు ఉండడం వింత కాదు. దానికి తోడు ఆంగ్లంలో 'షేక్' అనే మాటనే ఒక కాగితంలో ఒక విధంగా, మరో కాగితంలో మరో విధంగా వ్రాస్తారు. ఇంటి నంబర్లు మారిన వార్డులలో పాత నంబరు ఆధార్‌లో, కొత్త నంబరు పన్ను రసీదులో ఉంటాయి. అనుభవం ఉన్న పోస్ట్‌మ్యాన్ ముఖాలు గుర్తుపట్టి ఇస్తాడు. ఆయన బదిలీ అయిన మరునాటి నుండి కవర్లు ఒక మస్తాన్‌కు బదులు మరో మస్తాన్‌కు చేరుతాయి. లేదా 'చిరునామాదారు దొరకలేదు' అనే ముద్రతో వెనక్కి పోతాయి. తిరిగిపోయిన ఏటీఎం కార్డు, గడువు దాటిన నోటీసు గురించి ఇంటివారికి తెలిసేది ఎప్పుడో.

అందుచేత పెట్టె మీద ఇవి ఉండాలి: కొత్త నంబరు, బ్రాకెట్టులో పాత నంబరు, ఇంటి పెద్ద పేరు, ఆయన తండ్రి పేరు, ఆ ఇంట ఉత్తరాలు అందుకునే పెద్దలందరి పేర్లు, పిన్‌కోడు. తెనాలికి 522201, బాపట్లకు 522101, రేపల్లెకు 522265 అని ఊరివారికి తెలిసినా, బయట నుండి వచ్చే కొరియరు మనిషికి ఆ పలక సాయపడుతుంది. ఫోను నంబరు మాత్రం వీధిలో ప్రదర్శించనవసరం లేదు. అద్దెకున్నవారి పేర్లు కూడా వ్రాయించడం ఇంటి యజమాని బాధ్యత.

ఇంటి స్త్రీల పేర్లు వీధిలో వ్రాయడానికి సంకోచించే కుటుంబాలున్నాయి. వారి సంకోచాన్ని మేము తేలికగా చూడడం లేదు. అయితే బ్యాంకు ఖాతా ఆమె పేరున, డ్వాక్రా రుణం ఆమె పేరున, హాల్ టికెట్టు ఆమె పేరున ఉన్నప్పుడు ఉత్తరం కూడా ఆమె పేరుతోనే వస్తుంది. ఆమె పేరు తెలియని పెట్టె ముందు పోస్ట్‌మ్యాన్ సందేహిస్తాడు. స్త్రీ తన మహర్‌కు, తన వారసత్వపు వాటాకు తానే హక్కుదారు అని మన ధర్మశాస్త్రం నిర్ణయించింది. ఆమె పేరుతో వచ్చిన కాగితం కూడా ఆ హక్కులలో భాగమే. పేరును బయట వ్రాయడం ఇష్టం లేనివారు కనీసం ఇంటిల్లిపాది పేర్ల చీటీ ఒకటి పోస్ట్‌మ్యాన్‌కు ఇవ్వాలి. ఆయన మారినప్పుడు కొత్తగా వచ్చినవారికి మళ్ళీ ఇవ్వాలి.

తాళంచెవి ఎవరి వద్ద?

అనుమతి లేనిదే ఇతరుల ఇంట ప్రవేశించవద్దని, ఒకరి గుట్టు కోసం వెదకవద్దని దివ్యఖుర్ఆన్ బోధిస్తుంది. మూసిన కవరు కూడా ఒక విధమైన గడపే. కోడలి పేరుతో వచ్చిన ఉత్తరాన్ని అత్త విప్పడం, చెల్లెలి ఫలితాల కాగితాన్ని అన్న ముందుగా చదవడం మన ఇళ్ళలో తప్పుగా కనబడదు. ప్రేమతోనే చేస్తారు. అయినా హక్కు హక్కే. పెట్టె తాళంచెవి ఒకరి జేబులో కాక అందరికీ అందే మేకుకు ఉండాలి. తీసినవారు విప్పకుండా ఎవరిది వారికి ఇవ్వాలి. పిల్లలకు అమానతు అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకన్నా సులువైన పాఠం లేదు. పెట్టె తెరచి కవర్లు పంచే పనిని పదేళ్ళ పిల్లవానికి అప్పగించి చూడండి.

పొరపాటున వచ్చిన పొరుగువారి ఉత్తరం సంగతి కూడా అంతే. దానిని అల్మరా మీద పడవేయక, ఆ రోజే చేర్చాలి. మనిషి తెలియకపోతే పోస్ట్‌మ్యాన్‌కు తిరిగి ఇవ్వాలి.

పెట్టెలో వేయరానివి

అన్నీ పెట్టెలో పడవు. సంతకం తీసుకుని ఇవ్వవలసినవాటిని చేతికే ఇస్తారు. 2025 అక్టోబరు 1 నుండి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేశారు. మనిషి లేనప్పుడు వదిలే చీటీ భద్రంగా ఉండడానికి కూడా పెట్టె కావలసిందే. ఆ చీటీ ఎగిరిపోయినందువల్ల తిరిగిపోయే కవర్లు తక్కువేమీ కాదు. 2025 మే నెలలో తపాలా శాఖ 'డిజిపిన్' ప్రవేశపెట్టింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్ఆర్ఎస్సీలతో కలసి రూపొందించిన ఈ విధానంలో నాలుగు మీటర్ల చదరపు చోటుకు పది అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. వీధి పేరు లేని గట్టు మీది ఇంటికి ఇది ఎంతో ఉపయోగం. ఆ గుర్తును కూడా పెట్టె లోపలి తలుపు మీద వ్రాసి ఉంచుకోవచ్చు.

చివరగా ఒక మాట. పెట్టె బిగించిన రోజున పోస్ట్‌మ్యాన్‌ను పిలిచి చూపించండి. సందు ఆయన చేతికి అందుతున్నదా, పేర్లు కనబడుతున్నాయా అని అడగండి. ఎండలో వచ్చిన మనిషికి ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వండి. వీధిలో ముసలివారు ఒంటరిగా ఉన్న ఇల్లు ఉంటే, మీ పెట్టె చేయించేటప్పుడే వారి కోసం మరొకటి చేయించండి. వారి పింఛను కాగితం కూడా తడవకుండా చేరాలి కదా.